ఏప్రిల్ 23: తేదీ ఒక్కటే, రోజులు వేరు

ప్రపంచ పుస్తక దినోత్సవం దగ్గర పడిందంటే పత్రికల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, పోటీ పరీక్షల బిట్లలో ఒక వాక్యం తిరగడం మొదలవుతుంది: షేక్‌స్పియర్, సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న, ఒకే రోజు కన్నుమూశారు. ఇంగ్లిషు సాహిత్యానికి ఒకరు, స్పానిష్ సాహిత్యానికి ఒకరు పెద్ద దిక్కు. ఆ ఇద్దరూ ఒకే పూట వెళ్ళిపోయారంటే వినడానికి భలే ఉంటుంది. కానీ ఆ రెండు చావులకూ మధ్య పదకొండు రోజుల ఎడం ఉంది.

'చరిత్రలో ఈ రోజు' శీర్షిక రాసేవాళ్ళు, డైరీలూ క్యాలెండర్లూ కూర్చేవాళ్ళు పడే తప్పులన్నీ ఈ ఒక్క తేదీలో దొరుకుతాయి. అందుకని ఏప్రిల్ 23నే ముందు పెట్టుకుని, ఏ ముడి ఎక్కడ పడిందో ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

మొదటి ముడి క్యాలెండర్‌ది. రోమన్ల నాటి జూలియన్ క్యాలెండర్‌లో ప్రతి నాలుగో ఏడూ లీపు సంవత్సరమే. అంటే ఏడాదికి సగటున 365.25 రోజులు. అసలు ఏడాది అంతకన్నా సుమారు 11 నిమిషాలు తక్కువ. పదకొండు నిమిషాలే కదా అనుకుంటే, 128 ఏళ్ళకు ఒక రోజు తేడా పడుతుంది. 1582 నాటికి ఈస్టర్ లెక్కలు పది రోజులు పక్కకు జరిగాయి. పోప్ 13వ గ్రెగరీ సరిదిద్దించాడు. ఆ ఏడు అక్టోబర్ 4 గురువారం తరవాత వచ్చిన శుక్రవారాన్ని అక్టోబర్ 15 అన్నారు. స్పెయిన్ ఆ రోజే మారింది. ఇంగ్లండ్ మాత్రం పోప్ మాట మనకెందుకని 170 ఏళ్ళు ఆగి, 1752లో సెప్టెంబర్ 2 తరవాత 14 రాసుకుంది. కాబట్టి 1616లో మాడ్రిడ్ గోడ మీది తేదీ, షేక్‌స్పియర్ ఊరైన స్ట్రాట్‌ఫర్డ్ గోడ మీది తేదీ ఒకటి కావు. ఇంగ్లండ్‌లో ఏప్రిల్ 23 అయిన రోజు స్పెయిన్‌లో మే 3.

నమ్మకం కుదరకపోతే 2016 క్యాలెండర్ తీయండి. గ్రెగోరియన్ పద్ధతిలో 400 ఏళ్ళంటే సరిగ్గా 1,46,097 రోజులు, అంటే 20,871 వారాలు, శేషం సున్నా. అందుకే 1616 నాటి వారాలు 2016లో అలాగే తిరిగొచ్చాయి. 2016 ఏప్రిల్ 23 శనివారం, కాబట్టి 1616లో మాడ్రిడ్ ఏప్రిల్ 23 కూడా శనివారమే. 2016 మే 3 మంగళవారం, కాబట్టి షేక్‌స్పియర్ పోయింది మంగళవారం. శనివారమూ మంగళవారమూ ఒక రోజు ఎలా అవుతాయి?

ఇదే చిక్కు అదే కాలంలో మన బందరులో కూడా ఉంది. 1605-06 నుంచి డచ్చివాళ్ళు, 1611 నుంచి ఇంగ్లిషువాళ్ళు అక్కడ వర్తకం చేశారు. హాలండ్ కొత్త క్యాలెండర్‌కు మారిపోయింది, ఇంగ్లండ్ మారలేదు. ఒకే రేవులో, ఒకే ఓడ దిగిన రోజున డచ్చి గుమాస్తా మే 3 అని రాస్తే, ఇంగ్లిషు గుమాస్తా ఏప్రిల్ 23 అని రాస్తాడు. కుతుబ్‌షాహీ ఉద్యోగి హిజ్రీ తేదీ వేస్తాడు. ఊరి కరణం సంవత్సరం పేరు, మాసం, తిథి రాసుకుంటాడు. పదిహేడో శతాబ్దపు బందరు గురించి రాసేవాళ్ళు ఒక డచ్చి ఉత్తరాన్నీ ఒక ఇంగ్లిషు ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టి 'పది రోజుల ముందే తెలిసిందన్నమాట' అని కథ అల్లే ప్రమాదం ఇక్కడే ఉంది. పైగా 1752 దాకా ఇంగ్లండ్‌లో అధికారిక కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి ఉత్తరాల్లో ఏడాది కూడా ఒకటి తక్కువగా కనిపిస్తుంది. ఏప్రిల్‌కు ఆ బాధ లేదు.

ఇక తేడా ఎప్పుడూ పది రోజులే అనుకోవడం రెండో తప్పు. 1700, 1800, 1900 సంవత్సరాలు పాత పద్ధతిలో లీపు, కొత్త పద్ధతిలో కాదు. అందుకే 1700 ఫిబ్రవరి చివరి దాకా 10 రోజులున్న తేడా, ఆ తరవాత 11 అయింది. 1800 నుంచి 12, 1900 నుంచి 13. 2100లో 14 అవుతుంది. దీని దెబ్బ తగిలిన ప్రముఖుడు నవలా రచయిత నబకోవ్. ఆయన రష్యాలో పాత లెక్కన 1899 ఏప్రిల్ 10న పుట్టాడు. పంతొమ్మిదో శతాబ్దం కాబట్టి 12 కలపాలి, ఏప్రిల్ 22 వస్తుంది. కానీ మరుసటి ఏటి నుంచి తేడా 13కు పెరిగింది, ఇంట్లో పుట్టినరోజు ఏప్రిల్ 23కు జరిగింది. షేక్‌స్పియర్ పుట్టినరోజు తనకూ దక్కిందని ఆయనకు ముచ్చట కూడా. లెనిన్‌ది కూడా పాత లెక్కలో ఏప్రిల్ 10 (1870), ఆయన పుట్టినరోజును మాత్రం అందరూ ఏప్రిల్ 22 అనే రాస్తారు. పాత తేదీ ఒక్కటే అయిన ఇద్దరు జాబితాల్లో రెండు వేరు తేదీల కింద తేలుతున్నారు. నియమం చిన్నదే: తేడా లెక్కించాల్సింది పుట్టిన ఏటికి, వేడుక చేసుకునే ఏటికి కాదు.

అయితే పాత తేదీని కొత్తదానిలోకి మార్చాలా వద్దా అన్నదానికి లోకమంతా ఒప్పుకున్న పద్ధతి లేదు. షేక్‌స్పియర్ తేదీని ఎవరూ మార్చరు. జార్జ్ వాషింగ్టన్ పుట్టినప్పటి ఫిబ్రవరి 11ను 22గా మార్చి పండగ చేస్తారు. రష్యా అక్టోబర్ విప్లవం వార్షికోత్సవం నవంబర్ 7న వస్తుంది. 1582కు ముందటి వాటిని, ఉదాహరణకు 1565 జనవరి 23 నాటి తళ్ళికోట యుద్ధాన్ని, జూలియన్ తేదీతోనే ఉంచేయడం చరిత్రకారుల ఆనవాయితీ. ఏ వాడుకను పాటించినా ఫరవాలేదు. తేదీ పక్కన 'పాత లెక్క' అని ఒక్క మాట చేరిస్తే చదివేవాడికి దారి దొరుకుతుంది.

మన సొంత తేదీల్లో ఇది ఇంకాస్త చిక్కన. అన్నమయ్య పరమపదించిన రోజు తాళ్ళపాక రాగిరేకుల్లో ఉన్నది దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశిగా. ఇంగ్లిషు తేదీగా సాధారణంగా 1503 ఫిబ్రవరి 23 అని రాస్తారు. ఇది ఏ క్యాలెండర్ తేదీ? చంద్రుణ్ణే అడగొచ్చు. కొలంబస్ జమైకాలో చూసిన ప్రసిద్ధ చంద్రగ్రహణం 1504 ఫిబ్రవరి 29 రాత్రిది, మనకు అది మార్చి 1 తెల్లవారు. గ్రహణమంటే పౌర్ణమి. పన్నెండు చాంద్రమాసాలు, అంటే 354 రోజులకు కొంచెం పైన, వెనక్కి వెళ్తే 1503 మార్చి 12 ప్రాంతంలో పౌర్ణమి తగులుతుంది. అక్కణ్ణించి ఇంకో పదిహేను రోజులు వెనక్కి జరిగితే ఫిబ్రవరి 25-26న అమావాస్య. బహుళ ద్వాదశి దానికి మూడు రోజుల ముందు, ఫిబ్రవరి 22-23. సరిపోయింది. గ్రహణం తేదీ జూలియన్‌ది కాబట్టి ఇదీ జూలియన్ తేదీయే. ఫిబ్రవరి 23ను గ్రెగోరియన్ అనుకుంటే ఆనాటి చంద్రుడు పౌర్ణమి దాటి ఒకటి రెండు రోజులే అయి ఉంటాడు, ద్వాదశి కుదరదు. తిరుమల తిరుపతి దేవస్థానం ఈ గొడవంతా పెట్టుకోకుండా వర్ధంతిని ఏటా తిథినాడే జరుపుతుంది. నిజానికి అదే మేలు. మూల పత్రంలో తిథి ఉన్నప్పుడు తిథినే ముందు రాసి, ఇంగ్లిషు తేదీని తరవాత పెట్టాలి. శాసనాల తేదీలు మార్చడానికి స్వామికన్ను పిళ్ళై వేసిన పట్టికలే ఇప్పటికీ పరిశోధకుల బల్ల మీద ఉంటాయి. వాటిలో కూడా తిథితో పాటు వారం కలిస్తేనే తేదీని ఖాయం చేస్తారు. శక సంవత్సరం 'గత'మా (నిండిన ఏడు) 'వర్తమాన'మా (నడుస్తున్న ఏడు) అన్న తేడా వల్ల ఏడాది ఇటో అటో పోతుంది. దాన్ని పట్టిచ్చేది సంవత్సరం పేరు, వారం.

మళ్ళీ ఏప్రిల్ 23కే వద్దాం. క్యాలెండర్ సరిచేసుకున్నాక అడగాల్సిన ప్రశ్న: కాగితం మీద ఉన్నది ఏ సంఘటన తేదీ? సెర్వాంటెస్ పోయింది ఏప్రిల్ 22న. మాడ్రిడ్‌లో ఆయన పారిష్ చర్చి పద్దులో 23 అని ఉంది. అప్పట్లో ఆ పద్దుల్లో ఖననం జరిగిన రోజును వేయడం వాడుక. షేక్‌స్పియర్ విషయంలో చావు తేదీ 23 అని చెబుతున్నది స్ట్రాట్‌ఫర్డ్ చర్చిలోని స్మారక ఫలకం. చర్చి రిజిస్టర్‌లో ఉన్నది ఏప్రిల్ 25, అది ఖననం. ఇక పుట్టినరోజుకు అసలు కాగితమే లేదు. 1564 ఏప్రిల్ 26న బాప్టిజం ఇచ్చినట్టు మాత్రం ఉంది. దాన్నుంచి మూడు రోజులు వెనక్కి లెక్కేసి, ఇంగ్లండ్ రక్షక పునీతుడైన సెయింట్ జార్జ్ పండగ కూడా అదే కనుక, ఏప్రిల్ 23 అని స్థిరపరిచేశారు. పుట్టిందీ పోయిందీ ఒకే తేదీన అన్న అందమైన వాక్యంలో సగం ఊహ. అలాగని గాలి మాటా కాదు. ఫలకం మీద వయసు 'నడుస్తున్న 53వ ఏడు' అన్న అర్థంలో ఉంది. అంటే 1616 ఏప్రిల్ 23కు ఆయన 52 నిండి ఉండాలి, 1564 ఏప్రిల్ 23న గానీ దానికి కాస్త ముందు గానీ పుట్టి ఉండాలి.

సంగీతకారుడు ప్రొకోఫియెవ్‌ది ఇంకో రకం. తను పుట్టింది పాత లెక్కన 1891 ఏప్రిల్ 11 అని ఆయన నమ్మకం, కొత్త లెక్కన ఏప్రిల్ 23. జనన ధ్రువపత్రంలో ఏప్రిల్ 15, అంటే కొత్త లెక్కన 27. సొంత మనిషి మాట ఒకటి, సర్కారు కాగితం ఒకటి. మనకిది కొత్తేం కాదు. ఒకటి రెండు తరాల కిందటి పెద్దల్లో చాలామందికి మూడు పుట్టినరోజులుంటాయి: బడిలో వేయించినప్పుడు అయ్యవారు సర్టిఫికెట్ కోసం వేసిన తేదీ, జాతకం చక్రంలోని తిథి, ఇంట్లో 'పెద్ద తుఫాను వచ్చిన ఏడు' అని చెప్పుకునే లెక్క. జీవిత పరిచయాల్లో జూన్, జూలై నెలల పుట్టినరోజులు కుప్పగా కనిపిస్తే, అది బడులు తెరిచే కాలమని గుర్తు తెచ్చుకోవాలి. రెండు తేదీలు తగిలినప్పుడు ఒకదాన్ని చెరిపేయకుండా, 'రికార్డుల ప్రకారం' అనో 'కుటుంబం చెప్పిన ప్రకారం' అనో రాస్తే సరి.

తరవాత గడియారం. యూట్యూబ్‌లో మొట్టమొదటి వీడియో, శాన్ డియాగో జంతుప్రదర్శనశాలలో ఏనుగుల ముందు తీసిన 19 సెకన్ల ముక్క, 2005 ఏప్రిల్ 23న ఎక్కింది. ఎక్కించిన చోట, అమెరికా పశ్చిమ తీరంలో, అప్పుడు రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతం. మనకు అప్పటికే ఏప్రిల్ 24 ఉదయం తొమ్మిది. ఒకే వీడియోకు కొందరి తెరల మీద 23, కొందరి తెరల మీద 24 కనిపించడానికి కారణం ఇదే, ఎవరూ అబద్ధం చెప్పలేదు. సంఘటన జరిగిన చోటి తేదీనే తీసుకోవాలన్నది మంచి నియమం. అమెరికా నుంచి వచ్చే రాకెట్ ప్రయోగాలు, అవార్డుల వార్తలకు దీన్ని మరిస్తే మన జాబితాలో ప్రతిదీ ఒక రోజు ముందుకు జరుగుతుంది.

పంచాంగంతో వచ్చే గడియారం చిక్కు దీనికి రివర్సు. 2026 ఏప్రిల్ 24 శుక్రవారం తెల్లవారుజామున మూడింటికి పుట్టిన బిడ్డకు ఆసుపత్రి కాగితంలో 24 శుక్రవారం అని ఉంటుంది. పంచాంగం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి జాతకంలో గురువారం అని వేస్తారు. నాయనమ్మ 'గురువారం రాత్రి పుట్టాడు' అంటే ఆవిడ లెక్కలో తప్పేం లేదు. ఆ గురువారాన్ని పట్టుకుని ఎవరో 23 అని తేదీ వేస్తేనే తప్పు మొదలవుతుంది.

ఇక దినోత్సవాలు. వీటికి చరిత్రతో బంధుత్వం కొంచెమే. ఎవరో ఒక సంస్థ కూర్చుని ఎంచుకున్న తేదీలివి. పుస్తక దినోత్సవం యునెస్కోతో పుట్టలేదు. బార్సిలోనాలో ప్రచురణ రంగంలో ఉన్న విసెంటె క్లావెల్ ప్రతిపాదనతో స్పెయిన్‌లో 1926లో మొదలైంది. అప్పుడు తేదీ అక్టోబర్ 7, సెర్వాంటెస్ పుట్టినరోజని అనుకున్నది. 1930లో ఏప్రిల్ 23కు మార్చారు. కాటలోనియాలో అదే రోజు సెయింట్ జార్జ్ పండగ, గులాబీలు ఇచ్చిపుచ్చుకునే సంప్రదాయం. గులాబీ పక్కన పుస్తకం చేరింది, అమ్మకాలు ఊపందుకున్నాయి. వసంతకాలంలో వీధి అంగళ్ళు పెట్టుకోవడానికి అక్టోబర్ కన్నా ఏప్రిలే నయం కదా. 1995లో యునెస్కో ఆ తేదీని ప్రపంచానికంతటికీ ఖాయం చేసింది. తమాషా ఏమిటంటే షేక్‌స్పియర్ దేశమైన బ్రిటన్‌లో బడిపిల్లల పుస్తక దినోత్సవం మార్చి మొదటి గురువారం. ఏప్రిల్‌లో ఈస్టర్ సెలవులు అడ్డొస్తాయని. ఐక్యరాజ్య సమితి ఇంగ్లిషు భాషా దినోత్సవాన్ని, స్పానిష్ భాషా దినోత్సవాన్ని రెండింటినీ ఏప్రిల్ 23నే జరుపుతుంది. స్పానిష్‌ది మొదట అక్టోబర్ 12గా ఉండేది. అంటే రెండు భాషలు ఒకే రోజు పంచుకోవడం కాకతాళీయం కాదు, ఒకదాన్ని తెచ్చి ఇంకోదాని పక్కన కూర్చోబెట్టారు.

టర్కీలో ఏప్రిల్ 23 జాతీయ సెలవు. 1920లో అంకారాలో జాతీయ సభ తెరుచుకున్న రోజది. శుక్రవారం కావాలనే ఎంచుకున్నారు. ఈ తేదీకి మార్పిడి అక్కర్లేదు, ఎందుకంటే 1917 నుంచే అక్కడ నెలలూ తేదీలూ గ్రెగోరియన్‌తో కలిపేశారు. ఏడు మాత్రం అప్పటి కాగితాల్లో 1336 అని ఉంటుంది.

అసలు జాబితాలోకి రాకూడనివి కొన్ని ఏటా దూరిపోతుంటాయి. 2024లో చైత్ర పౌర్ణమి ఏప్రిల్ 23న వచ్చింది, కొండగట్టులో హనుమాన్ చిన్న జయంతి ఆ రోజే. పెద్ద జయంతి వైశాఖ బహుళ దశమికి. 2025లో చైత్ర పౌర్ణమి ఏప్రిల్ 12కు జరిగింది. 2000లో ఈస్టర్ ఏప్రిల్ 23. ఇలాంటివి ఆ ఒక్క ఏటి క్యాలెండర్‌కు చెందుతాయి. కిందటేటి ఫైలును కాపీ చేసి కొత్త ఏడుకు వాడేవాళ్ళ దగ్గర ఈ పండగలు పాత తేదీ మీదే ఉండిపోతాయి. స్థిర తేదీలకు ఒక ఫైలు, తిథి పండగలకు వేరే ఫైలు పెట్టుకుంటే ఈ పీడ విరగడవుతుంది.

నిజంగానే ఒకే రోజు, ఒకే ఏడు కలిసిన సంఘటనలు లేకపోలేదు. 1858 ఏప్రిల్ 23, శుక్రవారం. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త మాక్స్ ప్లాంక్ కీల్ పట్టణంలో పుట్టాడు. పండిత రమాబాయి పుట్టినరోజు కూడా అదే. ఆ రోజే బిహార్‌లోని జగదీశ్‌పూర్ దగ్గర దాదాపు ఎనభై ఏళ్ళ కున్వర్ సింగ్ కంపెనీ దళాన్ని ఓడించాడు. మూడు రోజులకు కన్నుమూశాడు. బిహార్‌లో ఆ గెలుపును ఇప్పటికీ విజయోత్సవంగా జరుపుతారు. ఈ మూడింటి మధ్య సంబంధం మాత్రం ఏమీ లేదు. సంవత్సరానికి 365 గదులే. పదివేల పేర్లను వాటిలో సర్దితే ఒక్కో గదికి సగటున 27 మంది వస్తారు. ఏ తేదీ తెరిచినా 'ఎంత విచిత్రం' అనిపించే జంటలు దొరక్కపోతేనే విచిత్రం.

ఇంతా తెలిశాక 'చరిత్రలో ఈ రోజు' పెట్టె ఎలా రాయాలి? పదాలు రెండు మూడు పెరుగుతాయి, అంతే. '1616: షేక్‌స్పియర్ మరణం (ఇంగ్లండ్ పాత లెక్క, కొత్త లెక్కన మే 3).' సెర్వాంటెస్‌ను 22కు పంపించి, 23 కింద 'చర్చి పద్దులో నమోదు' అని రాయాలి. '1564: షేక్‌స్పియర్ జననం (సంప్రదాయంగా)' అని ఆ ఒక్క మాటా వదలకూడదు. నబకోవ్ కూడా 22కే వెళ్తాడు. '1992: సత్యజిత్ రాయ్ మరణం, కలకత్తా' అన్నదానికి ఏ వివరణా అక్కర్లేదు, నగరం పేరు మాత్రం అప్పటిదే వేయాలి. ఊళ్ళకూ ఈ జాగ్రత్త కావాలి. ప్లాంక్ పుట్టినప్పుడు కీల్ డెన్మార్క్ రాజు ఏలుబడిలోని హోల్‌స్టైన్‌లో ఉంది, జర్మనీ అన్న ఒక్క దేశం ఇంకా ఏర్పడలేదు. మన వైపు నుంచి ఈ తేదీన గాయని ఎస్. జానకి ఉన్నారు. తేదీకి తంటా లేదు గానీ ఊరికి ఉంది: '1938: ఎస్. జానకి జననం, పల్లపట్ల, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా.'